టమాటా పువ్వు దగ్గర తేనెటీగ ఫెయిల్

ప్రశ్న: పంట పువ్వుల్లో పుప్పొడి చేరవేయడానికి తేనెటీగల్ని పెంచితే చాలు కదా, మిగతా పురుగుల గొడవెందుకండీ?

జవాబు: చాలదండీ. టమాటా పువ్వులో పుప్పొడి సన్నటి గొట్టంలో దాక్కునుంటుంది, గాలికి కొంత రాలుద్దిగానీ తుమ్మెద లాంటిది పువ్వుని కరిచి పట్టుకుని జుమ్మని ఒళ్లంతా అదిరిస్తేనే బాగా రాలుద్ది, మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. రాత్రి విచ్చుకునే పువ్వుల దగ్గర నైట్ డ్యూటీ చిమ్మటలది, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగులది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో సుమారు 75 శాతం ఎంతోకొంత పుప్పొడి మోసే ఇలాంటి జీవుల మీదే ఆధారపడ్డాయి, వరి, గోధుమలకి వీటితో పనిలేదనుకోండి. నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులైతే తేనెటీగని చంపకపోయినా గూటి దారి మరిపిస్తాయి, అందుకే యూరోపియన్ యూనియన్ 2018లో మూడింటిని ఆరుబయట వాడకుండా ఆపింది. ఇంకోటి, అడవి తేనెటీగల్లో ఎక్కువ శాతం మట్టిలోనే బొరియ చేసుకుంటాయి, మనమేమో నీట్‌గా ఉండాలని ఖాళీ నేలంతా సిమెంటు చేస్తాం!