తిత్తి బరువు

అమ్మా,

మీరు పంపిన ఎడారి సంచారుల కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో అధ్యాయం దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పడేశాను. శవాన్ని మోసిన పన్నెండుగురు, అంటు పోవడానికి ఒక్కొక్కరు ఏడేసి కడవల పవిత్ర జలాన్ని తలమీద గుమ్మరించుకున్నారని మీరు ఎంతో భక్తిగా రాశారు. తర్వాతి బావి ఐదు రోజుల ప్రయాణంలో ఉందని రాసిందీ మీరే.

కడవకు 10 లీటర్లే అనుకున్నా అవి 840 లీటర్లు. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మీ గుంపులోని 60 మందికి మూడున్నర రోజుల తాగునీరు. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి కనుక, ఒంటెకు 150 కిలోలు ఎత్తినా ఆ ఒక్క స్నానానికే ఆరు ఒంటెలు కావాలి. ఆ ఒంటెలు మీ కథలో ఎక్కడా లేవు.

ఏటి ఒడ్డున కాపురమున్నవాళ్ళు నీటితో మైల కడుక్కుంటారు; తోలుతిత్తిలో నీటిని మోసుకు తిరిగేవాళ్ళు నీటికే మైల సోకకుండా కాచుకుంటారు. సంచారుల పురాణం రాసేవారికి ఇంతకు మించి తెలియవలసింది లేదని ముప్పై ఏళ్ళుగా విసుగు లేకుండా చెబుతున్నాను, వినేవాళ్ళకు విసుగొచ్చినా సరే. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, సిథియన్లనే గడ్డిమైదానపు సంచారుల గురించి రాసినది చూడండి: వాళ్ళు శవాన్ని పూడ్చి వచ్చాక కంబళ్ళ గుడారంలో దూరి, ఎర్రగా కాల్చిన రాళ్ళమీద గంజాయి గింజలు చల్లి, ఆ ఆవిరిలో కేకలు వేస్తూ కూర్చునేవారట, ఒంటిమీద నీళ్ళు పోసుకోవడమే లేదట. 1253లో మంగోలుల దేశానికి బయలుదేరిన రుబ్రుక్ అనే సన్యాసి, వాళ్ళు బట్టలు ఉతికి ఆరేస్తే ఉరుముతుందని భయపడతారనీ, చేతులు కడుక్కోవాలంటే నోట్లో నీళ్ళు పట్టి సన్నని ధారగా చేతులమీదికి వదులుతారనీ రాశాడు. నీరు దొరకనప్పుడు శుభ్రమైన మట్టిని తాకి ముఖమూ చేతులూ తుడుచుకునే తయమ్ముమ్ ఇస్లాంలో ఉంది. పొగ, నిప్పు, మట్టి, ఇన్ని ఉండగా మీ పూజారి కడవలకే ఎందుకు ఎగబడ్డాడు?

ఈ మాట నాకూ ఊరికే తెలియలేదు. నా మొదటి నవలలో బిడారు మనుషులు రోజూ సంధ్యాస్నానం చేసేవారు. ఎవరో నవ్వారు. పౌరుషానికి పోయి ఒక ఎండాకాలపు రోజంతా కూజాలో కొలిచి పెట్టుకున్న నీళ్ళతోనే గడిపాను. సాయంత్రానికి అడుగున అరగ్లాసు మిగిలింది. వేళ్ళకు సిరా అంటి ఉంది, కడుక్కోవాలనిపించింది, కడుక్కోలేకపోయాను. ఎవరూ చూడకపోయినా దొంగతనం చేయబోతున్నవాడిలా కూజా చుట్టూ తిరిగాను. మర్నాడే స్నానాలన్నీ కొట్టేసి, ముఖ్యపాత్ర తిత్తి మూతి ముడిని రాత్రి మూడుసార్లు లేచి తడిమి చూసుకోవడం రాశాను. ఆ నవలను పంపిన పత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ ముడినే కత్తిరించి, దాని స్థానంలో నన్నొక పటమూ, దేవతల వంశవృక్షమూ ఇమ్మన్నాడు. ఇప్పటికీ కాల్పనిక జగత్తు అనగానే పటమూ, పదకోశమూ, మంత్రశక్తికి నియమావళీ అడిగేవాళ్ళే అంతటా ఉన్నారు. నీళ్ళు ఎవరు మోస్తున్నారని అడిగినవాడు నాకింతవరకూ తగలలేదు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగారు. అవి తర్వాత చూసుకోవచ్చు.

రెండోసారి చదివించినది పదకొండో పేజీ. అక్కడ పూజారి దేవతకు చూపిన గిన్నెను ఆ చిన్నపిల్ల వెనక్కి తెస్తూ, అంచుకు నిలిచిన ఒక్క చుక్కను వేలితో తీసి గొర్రెపిల్ల పెదవులకు రాస్తుంది. పూజారి చూసి కూడా తల తిప్పుకుంటాడు. మూడో అధ్యాయపు అంచుల్లో ఒంటెల లెక్క పెన్సిలుతో వేసి పంపుతున్నాను. పదకొండో పేజీలో అక్షరదోషాలు రెండున్నాయి, దిద్దలేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి