బెంజి సర్కిల్ పక్కనే ఉండి బెంజి కొనుక్కోవద్దా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ పటమట. వయసు 27, ఉద్యోగం గుంటూరులో. ఢిల్లీలో ఒక డీలర్ దగ్గర 2008 మోడల్ బెంజి ఎస్‌ఎల్‌కే 200 చూశాను. రెండు సీట్లు, టాప్ తెరుచుకుంటుంది, 9 లక్షలంటున్నాడు. ఆ డబ్బుకి ఇక్కడ మామూలు హ్యాచ్‌బ్యాకేగా వచ్చేది! రోజూ వాడొచ్చా? రిపేర్లు మరీ ఎక్కువా? నాన్న వద్దంటున్నారు.

జవాబు: మీ నాన్నగారి మాట సగం కరెక్టే. రోజూ గుంటూరు వెళ్లి రావడానికి ఇదొక్కటే బండి అయితే వద్దు. ఇంట్లో ఇంకోటి ఉండి, ఆదివారం పొద్దున్నే కరకట్ట మీద తిప్పుకోవడానికైతే మాట్లాడుకుందాం. బండి రేటు పడిపోయింది గానీ స్పేర్ల రేటు పడిపోలేదు బాబూ, కొనేది హ్యాచ్‌బ్యాక్ ధరకే అయినా పార్టులకి కట్టేది బెంజి ధరే. నా లెక్కలో 9 పెట్టి కొంటే ఇంకో 3 లక్షలు రిపేర్లకని పక్కన ఉండాలి, లేకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

దీంట్లో ఉండేది 1.8 లీటర్ల ఎం271 సూపర్‌చార్జర్ (గాలిని గట్టిగా లోపలికి తోసే పంపు) ఇంజన్. గట్టిదే గానీ టైమింగ్ చైన్, అంటే వాల్వులు సరైన టైముకి తెరుచుకునేలా చూసే గొలుసు, సాగుతుంది. సాగిన చైన్ చక్రం పళ్ల మీంచి జారిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. రెండోది కొంచెం విచిత్రమైన జబ్బు: ఇంజన్ ముందు వైపు క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) మాగ్నెట్లు రెండుంటాయి, వాటిలోంచి ఆయిల్ కారి, వైర్ల లోపల్నుంచే మెల్లగా పాకుతూ ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, దాకా పోతుంది. ఆ మాగ్నెట్ల సాకెట్ పీకి, చెవులు శుభ్రం చేసుకునే దూది బడ్ ఒకటి లోపల తిప్పి చూడండి, తడిగా వస్తే బేరం అక్కడే మారిపోవాలి. అదే డీలర్ పాత ఎస్‌ఎల్‌కే 350 చూపిస్తే అసలు ఆశపడొద్దు, 2004-06 ఇంజన్లలో వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లు అరిగిపోయేవి, ఆ పనికి ఇంజన్ కిందికి దించాలి.

ఇక టాప్. నా దగ్గరా ఇలాంటిదే పాతది ఒకటుండేది. జులైలో ప్రకాశం బ్యారేజీ మీద వాన మొదలైంది, బటన్ నొక్కితే టాప్ కదల్లేదు, తడిసి ముద్దై ఇంటికొచ్చాను, బస్సులో వాళ్లు వీడియోలు కూడా తీశారు. గ్యారేజీలో పంపు పోయిందన్నారు, రెండు రోజులు అదే టెన్షన్. చివరికి ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ కుర్రాడొకడు డిక్కీ తెరిచి, సామాను మీద వేసే తెర కొక్కెం సరిగ్గా తగిలించి, ఇప్పుడు నొక్కండి అన్నాడు. టాప్ మడుచుకునేది డిక్కీలోకే కదా, ఆ తెర బిగించకపోతే టాప్ కదలదు, అంతే! నిజంగా టాప్‌ని ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్ కారినా కొత్తది కొననక్కర్లేదు, సీళ్లు మార్చొచ్చు, జేసీబీలకు, టిప్పర్లకు ఆ పని చేసేవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. కంప్యూటర్ స్కానింగ్‌కి మాత్రం బెంజి తెలిసినవాడే కావాలి.

ఢిల్లీలో చవక ఎందుకంటారా, అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి, అందుకే వదిలించుకుంటారు. ప్రైవేటు కారు ఆర్సీ కూడా మొదట 15 ఏళ్లకే, తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) చేతికి రాకుండా పైసా కట్టొద్దు, ఇక్కడికి తెచ్చాక లైఫ్ టాక్స్ వేరే. ఇవన్నీ కలిపాక అది 9 లక్షల బండేనా, మీరే కూడుకోండి.

చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, రాత్రి నుంచి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజన్‌లో మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటే అది చైనే. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందనుకోండి, టీ తాగి రైలెక్కేయండి.