మా బాబుది ‘ఎ’ గ్రూపు. వైరస్‌లు త్వరగా సోకుతాయా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. నాది ఓ పాజిటివ్, మా వారిది ఎ పాజిటివ్. బాబుకు తండ్రి గ్రూపు, పాపకు నా గ్రూపు వచ్చాయి. 2021లో కరోనాతో మా వారు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నాకు ఒళ్లు నొప్పులతో పోయింది. ఎ గ్రూపు వాళ్లకు వైరస్‌లు త్వరగా అంటుకుంటాయని మా ఆడపడుచు చదివిందట. ఇప్పుడు మా వీధిలో డెంగీ జ్వరాలు. భయపడి బాబును వారంగా బడికి పంపడం లేదు. పాపకు రెండు రోజులుగా జ్వరం, కానీ ఓ గ్రూపే కదా అని ధైర్యంగా ఉన్నాను. నేను చేస్తున్నది సరైనదేనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది బాబు సంగతి కాదు, పాప జ్వరం. ఫోన్ నంబరు రాశారు కాబట్టి ఆ సాయంత్రమే మాట్లాడి పరీక్ష చేయించమన్నాను. డెంగీ కాదని తేలింది, సంతోషం. మిగతాది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరులో ఒక బ్లడ్ బ్యాంకులో ఇరవై ఆరేళ్లు డాక్టరుగా పనిచేశాను. గ్రూపు చూడటానికి తెల్లటి పలక మీద మూడు రక్తపు చుక్కలు వేస్తాం. ఒకదానికి నీలం ద్రవం, ఇంకోదానికి పసుపు ద్రవం, మూడోదానికి రంగులేని ద్రవం కలిపి, పలకను మెల్లగా అటూ ఇటూ వంచుతాం. నీలం కలిసిన చుక్క విరిగిన పాలలా పలుకులు కడితే ఎ, పసుపుది కడితే బి, రెండూ కడితే ఎబి. రెండూ నునుపుగానే ఉండిపోతే ఓ. మూడో చుక్క పాజిటివో నెగెటివో చెబుతుంది. ఆ పలుకుల వెనక ఉన్నది ఎర్రకణం పైపొర మీది చక్కెర గొలుసుల్లో చిన్న తేడా. అవే గొలుసులు పేగుల లోపలి పొర మీద కూడా ఉంటాయి. వైరస్‌కు కణం మీద ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి కదా, అందుకే శాస్త్రవేత్తలు దీన్ని పట్టించుకున్నారు.

మీ ఆడపడుచు చదివింది అబద్ధం కాదు. 2020లో ఇటలీ, స్పెయిన్‌లలో శ్వాస అందని స్థితికి చేరిన 1,610 మంది కరోనా రోగుల జన్యువులు పరిశీలించారు. మిగతా గ్రూపులతో పోలిస్తే ఎ గ్రూపు వారికి ఆ ముప్పు 45 శాతం ఎక్కువగా, ఓ వారికి 35 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఈ శాతాలను జాగ్రత్తగా చదవాలి. వందమందిలో నలుగురికి రావలసింది ఆరుగురికి వస్తే యాభై శాతం పెరిగినట్టే, కానీ మిగతా 94 మంది క్షేమంగానే ఉన్నారు. పైగా 2021లో అమెరికాలో లక్షా ఏడు వేల మందికి పైగా పరిశీలించిన మరో అధ్యయనంలో అసలు ఏ సంబంధమూ తేలలేదు. మీ వారికి అప్పటికే షుగరు ఉందని ఫోన్‌లో చెప్పారు. నేనైతే గ్రూపు కంటే ముందు దాన్నే చూస్తాను.

గట్టిగా రుజువైన సంబంధం ఇంకోచోట ఉంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ పేగు పొర మీది ఈ గొలుసులనే పట్టుకుంటుంది. సుమారు అయిదుగురిలో ఒకరికి పుట్టుకతోనే పేగుల్లో, లాలాజలంలో ఆ గొలుసులు తయారు కావు. నోరోవైరస్‌లో చాలా రకాలు వాళ్లను ఏమీ చేయలేవు. అది మామూలు గ్రూపు పరీక్షలో తెలియదు. మీ పాప కార్డులో ఉన్న ఓ అనే అక్షరం ఆ సంగతి చెప్పదు. బుడమేరు వరద చూసినవారు మీరు, నీళ్లు కాచి చల్లార్చి తాగడం ఏ గ్రూపు వారికైనా తప్పదని మీకు వేరే చెప్పాలా?

ఎ గ్రూపు వారి భయం కంటే ఓ గ్రూపు వారి ధీమాయే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మా మరిదిది ఓ గ్రూపు. 2021 మే నెలలో, తనకేమీ కాదన్న నమ్మకంతో ఆరు రోజులు జ్వరంతో ఇంట్లోనే ఉన్నాడు. నేను వెళ్లి వేలికి ఆక్సీమీటరు పెడితే 86 చూపించింది. రెండు వారాలు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. రోజూ ఫోన్ చేసి అడగనందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

డెంగీ విషయానికి వస్తే, ముందు అడగవలసింది పిల్లలకు ఇదివరకు డెంగీ వచ్చిందా అని. ఆ వైరస్ నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం పెరుగుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ దోమ పగలు కుడుతుంది, కూలరు అడుగున, పూలకుండీల పళ్లేల్లో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. వారానికోసారి వాటిని ఒంపేసి, తోమి ఆరబెట్టండి.

బాబును రేపే బడికి పంపండి, ఇద్దరికీ పొడుగు చేతుల చొక్కాలు వేసి.