పనిముట్ల పెట్టె: చిన్న యంత్రానికి బిస్కెట్లు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాను. ఉద్యోగం కంప్యూటరు ముందే అయినా, శని ఆదివారాల్లో గ్యారేజీలో చెక్కపని చేసుకోవడం నాకు అలవాటు. ఈ మధ్య ఒకరి ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన పాత సామాన్లలో రయోబీ వారి డీబీజే50 అనే చిన్న బిస్కెట్ జాయింటర్, అంటే రెండు చెక్కలను అతికేందుకు మధ్యలో పెట్టే ‘బిస్కెట్’ అనే చెక్కబిళ్లకు గాడి కోసే యంత్రం, చవకగా దొరికింది. దానితోపాటు ఆర్3 అని రాసి ఉన్న సంచిలో పదకొండు బిస్కెట్లు మిగిలి ఉన్నాయి. మా అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటోలకు 25 మిల్లీమీటర్ల వెడల్పున్న బద్దలతో చట్రాలు చేయడం మొదలుపెట్టాను. రెండు చట్రాలు పూర్తయ్యేసరికి బిస్కెట్లు అయిపోవచ్చాయి. ఇక్కడి దుకాణాల్లో 0, 10, 20 నంబర్ల బిస్కెట్లు తప్ప వేరేవి కనిపించడం లేదు. వాటినే కోసి చిన్నవి చేసుకోవచ్చా? ఎఫ్ఎఫ్ అనే రకం సరిపోతుందని ఒకరు చెప్పారు, నిజమేనా? లేకపోతే ఈ యంత్రాన్ని అటకెక్కించవలసిందేనా?

జవాబు: అటకెక్కించనక్కరలేదు. అయితే బిస్కెట్లు కొనడానికి బయలుదేరే ముందు ఒక పని చేయండి. ఒక పనికిరాని చెక్కముక్కలో మీ యంత్రంతో గాడి కోసి, ఆ గాడి వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. ఆ తరువాత సంచిలో మిగిలిన బిస్కెట్ మందాన్ని కూడా కొలిచి, రెండు అంకెలనూ గోడమీద రాసి పెట్టుకోండి. బిస్కెట్ పేరు, నంబరు, పొడవు ఇవన్నీ తరువాతి మాటలు. మందం కుదరని బిస్కెట్ మిగతా అన్ని కొలతలూ కుదిరినా మీకు పనికిరాదు.

దీనికి కారణం బిస్కెట్ పుట్టుకలోనే ఉంది. 1950ల మధ్యకాలంలో స్విట్జర్లాండ్‌కు చెందిన హెర్మన్ స్టైనర్ అనే వడ్రంగి ఈ పద్ధతిని కనిపెట్టాడు. బీచ్ అనే చెట్టు కర్రను అణచి, పల్చని కోలబిళ్లలుగా కోసి, గుండ్రని రంపపు బ్లేడు కోసిన గాడిలో జిగురుతో పెడితే, జిగురులోని నీటిని పీల్చుకుని ఆ బిళ్ల ఉబ్బి గాడి గోడలను బిగించి పట్టుకుంటుంది. ఆయన స్థాపించిన లామెల్లో సంస్థ కొలతలనే తరువాత చాలామంది తయారీదారులు అనుసరించారు. అందుకే 0 నంబరు 47×15, 10 నంబరు 53×19, 20 నంబరు 56×23 మిల్లీమీటర్లు అయినా, ఈ మూడింటికీ గాడి వెడల్పు మాత్రం 4 మిల్లీమీటర్లే. ఏ కంపెనీ పెద్ద యంత్రం కొన్నా, ఏ కంపెనీ బిస్కెట్ల సంచి కొన్నా ఒకదానికొకటి సరిపోవడం ఈ ఒక్క అంకె చలవే.

మీ చిన్న యంత్రం ఈ కుటుంబంలోది కాదు. దానికోసం రయోబీ వారు ఆర్1, ఆర్2, ఆర్3 అని వేరే బిస్కెట్లు తయారుచేశారు. వాటి పొడవులు వరుసగా సుమారు 16, 19, 25 మిల్లీమీటర్లు; మందం అంగుళంలో 32వ వంతులు మూడు, అంటే 2.4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. యంత్రం తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. కాబట్టి ఇప్పుడు దొరికేది పాత నిల్వ, లేదా ఎవరో వాడగా మిగిలిన సంచులు. ఆన్‌లైన్‌లో అలాంటివి కనబడితే "మీ యంత్రానికి సరిపోతుంది" అన్న మాటను నమ్మకుండా, మందం ఎంతో కొలిచి చెప్పమని అమ్మేవారిని అడగండి. నేనొకసారి ఈ ప్రశ్న అడగకుండా ఒక పెద్ద సంచి తెప్పించుకున్నాను. అవి అందమైన బిస్కెట్లే కానీ, నా గాడిలోకి ఒక్కటి కూడా దూరలేదు. తిరిగి పంపే గడువు దాటిపోవడంతో అవి ఈనాటికీ మా ఇంట్లో కదిలే బల్లల కాళ్ల కింద పనిచేస్తున్నాయి.

ఇక మీరు విన్న ఎఫ్ఎఫ్ సంగతి. పోర్టర్ కేబుల్ అనే కంపెనీ వారి 557 నమూనా బిస్కెట్ జాయింటర్‌కు 4 అంగుళాల బ్లేడుతోపాటు 2 అంగుళాల చిన్న బ్లేడు కూడా అమర్చుకోవచ్చు. అల్మారా ముందుభాగంలో వచ్చే సన్నని చట్రాలకోసం ఆ చిన్న బ్లేడుకు తయారైనదే ఎఫ్ఎఫ్ బిస్కెట్. పొడవు సుమారు 30 మిల్లీమీటర్లే కాబట్టి, చూడగానే ఆర్3కి అన్నలా కనిపిస్తుంది. మీకు చెప్పినవారు ఆ పోలికనే చూసి ఉంటారు. కానీ దాని మందం పెద్ద బిస్కెట్లదే, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. లామెల్లో వారి హెచ్9 అనే చిన్న రకం కూడా ఉంది. అది 38×12, మందం 3 మిల్లీమీటర్లు. దానికి 78 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రత్యేకమైన బ్లేడు ఉంటుంది. ఈ రెండూ మీ 2.4 మిల్లీమీటర్ల గాడిలోకి దూరవు.

0 నంబరు బిస్కెట్‌ను కోసి పొడవు, వెడల్పు తగ్గించడం సులువే. మందమే చిక్కు. 4లోంచి 1.6 మిల్లీమీటర్లు తీసివేయాలంటే ప్రతి బిళ్లనూ ఉప్పు కాగితం మీద రెండు వైపులా అరగదీయాలి. ఒక చట్రానికి నాలుగు మూలలు, నాలుగు బిళ్లలు. మూడోదానికల్లా వేళ్ల చివర్లు మండుతాయి, నాలుగోది ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా తయారవుతుంది. ఆ శ్రమతో పోలిస్తే కొత్తవి చేసుకోవడమే తేలిక.

మీ బద్ద వెడల్పును బట్టి చూస్తే, మీకు ఈ చిన్న యంత్రమే తగినది. గాడి పొడవును ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. బ్లేడు వ్యాసాన్ని గాడి లోతుతో గుణించి, అందులోంచి లోతు వర్గాన్ని తీసివేసి, వచ్చినదానికి వర్గమూలం కట్టి రెట్టింపు చేయాలి. పెద్ద యంత్రంలో 100 మిల్లీమీటర్ల బ్లేడు 0 నంబరుకు 8 మిల్లీమీటర్ల లోతు కోస్తే, 800లోంచి 64 పోగా 736, దాని వర్గమూలం 27.1, రెట్టిస్తే గాడి పొడవు 54 మిల్లీమీటర్లు దాటుతుంది. మీ 25 మిల్లీమీటర్ల బద్దను 45 డిగ్రీల కోణంలో కోసినప్పుడు ఆ వాలు ముఖం పొడవు 35 మిల్లీమీటర్లే. అంటే పెద్ద యంత్రంతో కోస్తే గాడి రెండు పక్కలా బయటపడి, చట్రం అంచున నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. అద్దం కూర్చోవడానికి వెనకవైపు తీసే మెట్టును కూడా లెక్కలోకి తీసుకుంటే 0 నంబరుకు కనీసం 45 మిల్లీమీటర్ల బద్ద అయినా కావాలన్నది నా అభిప్రాయం.

సొంతంగా చేసుకునే పద్ధతి చెబుతాను. బీచ్ గానీ మేపుల్ గానీ తీసుకోండి; అమెరికాలో రెండూ సులభంగా దొరుకుతాయి. టేకు వద్దు. దానిలోని నూనె జిగురును సరిగా అంటనివ్వదు, నీటికి పెద్దగా ఉబ్బదు కూడా. కర్రను పల్చని రేకుగా కోసి, గాడిలో సరిపోయేదాకా చిత్రిక పట్టండి. బజారు బిస్కెట్ అణచిన కర్రతో చేసినది కాబట్టి కాస్త వదులుగా ఉన్నా తరువాత ఉబ్బి బిగుస్తుంది. మీ చేతి బిళ్లకు ఆ వెసులుబాటు లేదు కనుక అది గాడిలోకి వేలితో నొక్కితే దిగాలి, చెక్కను తలకిందులు చేస్తే జారి పడకూడదు. సుత్తి అవసరమైందంటే ఇంకొక్క చిత్రిక పట్టవలసి ఉందన్నమాట.

రేకు సిద్ధమయ్యాక దానిని పీచు వాలుకు 45 డిగ్రీల ఏటవాలుగా సన్నని పట్టీలుగా కోయండి. ఇది మాత్రం తప్పనిసరి. బిస్కెట్ అతుకు వెంబడి పొడవుగా పడుకుంటుంది. పీచు కూడా అదే దిక్కున సాగితే, చట్రం మీద బరువు పడ్డనాడు బిళ్ల సరిగ్గా అతుకు గీత దగ్గరే నిలువునా చీలిపోతుంది. పీచు ఏటవాలుగా ఉంటే అతుకును దాటి అవతలి చెక్కలోకి పోతుంది కాబట్టి చీలడానికి దారి ఉండదు. కొనే బిస్కెట్లను వెలుతురులో పట్టి చూడండి, వాటి గీతలు కూడా ఏటవాలుగానే ఉంటాయి. కొందరు ఐస్‌క్రీమ్ పుల్లలను ముక్కలు చేసి పెడుతుంటారు. పుల్ల పీచు నిలువుగా ఉంటుంది, సాధారణంగా గాడికి వదులుగానూ ఉంటుంది. పిల్లల బొమ్మలకైతే సరే, షష్టిపూర్తి ఫోటోకు నేను పెట్టను.

పట్టీ వెడల్పు ఎంత ఉండాలంటే, రెండు గాడుల లోతులను కూడి, అందులోంచి ఒక మిల్లీమీటరు తగ్గించాలి. ఆ ఒక్క మిల్లీమీటరు జిగురు నిలవడానికి. పొడవు గాడికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే, అతికించేటప్పుడు బద్దను అటూ ఇటూ జరిపి మూలను కలుపుకునే వీలుంటుంది. ముక్కల మూలలను ఉలితో చెక్కి, ఉప్పు కాగితం మీద కాస్త గుండ్రం చేస్తే చాలు, అచ్చుగుద్దినట్టు కోలగా ఉండనక్కరలేదు. జిగురు నీటితో తయారైన తెల్ల జిగురే కావాలి. పాలీయురెథేన్ జిగురులో బిళ్లను ఉబ్బించే నీరు ఉండదు. జిగురును గాడి గోడలకు పూయండి, బిళ్లకు ముందే పూసి పెట్టుకుంటే అది చేతిలోనే ఉబ్బడం మొదలుపెడుతుంది. ఇంకొక జాగ్రత్త: బద్దలను పొడవుగా ఉండగానే క్లాంపుతో బల్లకు బిగించి గాడి కోయండి. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని ఈ యంత్రాన్ని నడపకండి.

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి అమెరికా నుంచి అలాంటి చిన్న యంత్రాన్నే పంపించాడు. ఇక్కడ వాడవచ్చా? దానితో వచ్చిన బిస్కెట్లు గాడిలోకి దూరడం లేదు, యంత్రంలో లోపమా?

జవాబు: ముందు యంత్రం మీది రేకు చదవండి. అమెరికా యంత్రం 120 వోల్టులది, మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. నేరుగా ప్లగ్గు పెడితే మోటారు కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని తగ్గించదు. రేకు మీది వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే సంఖ్యకు కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. ఆ ఖర్చు, ఆ బరువు చూశాక, చట్రాల మూలలకు సన్నని చెక్క చీలలే నయమనిపిస్తే నేను కాదనను.

బిస్కెట్లు దూరకపోవడానికి కారణం చాలావరకు మీ ఊరి గాలే. తినే బిస్కెట్టు తేమకు మెత్తబడితే, ఈ బిస్కెట్టు లావెక్కుతుంది. సంచి విప్పి సముద్రపు గాలికి వదిలేస్తే, జిగురు తగలకముందే అది కొంత ఉబ్బి కూర్చుంటుంది. రెండు మూడు బిళ్లలను మైక్రోవేవ్‌లో కొద్ది సెకన్లు ఉంచి తీసి, చల్లారాక మళ్లీ గాడిలో పెట్టి చూడండి. దిగితే లోపం యంత్రానిది కాదు. మిగిలినవాటిని గట్టి మూత ఉన్న ఆవకాయ సీసాలో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి దాచండి. సీసా మాత్రం బాగా కడిగి ఆరబెట్టినదై ఉండాలి, నూనె అంటిన బిస్కెట్‌కు జిగురు పట్టదు.