బెంచీ మీద కూర్చున్నవాడు కోచ్ అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. జిల్లా బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాడన్న మాటే గానీ ఎప్పుడూ బెంచీ మీదే. గెలుపు ఖాయమయ్యాక ఆఖరి రెండు నిమిషాలు దింపుతారు. ఇప్పుడు ‘ఆడించకపోతే పోనీ, నేను కోచ్‌నవుతా’ అంటున్నాడు. ఆటలోనే పైకి రానివాడు కోచ్‌గా ఏం చేస్తాడండీ?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు స్టీవ్ కెర్ గుర్తొచ్చాడు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 15 సీజన్లు, 910 మ్యాచ్‌లు ఆడాడు. అందులో మొదటి ఐదుగురిలో ఒకడిగా కోర్టులోకి దిగినవి ముప్పయ్యే! మిగతావన్నీ మీవాడిలా బెంచీ మీంచి లేచి వెళ్లినవే. మ్యాచ్‌కు సగటున 6 పాయింట్లు. ఒక్క విద్య మాత్రం చేతిలో ఉంది, మూడు పాయింట్ల షాట్. వందకు 45 పడేవి. ఆ సగటులో ఆయన్ను దాటినవాడు ఇప్పటికీ లేడు.

1997 ఫైనల్ (అక్కడ ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు, ముందు నాలుగు గెలిచినవాళ్లదే టైటిల్), ఆరో మ్యాచ్. కెర్ జట్టు షికాగో, ప్రత్యర్థి యూటా 86 దగ్గర సమానం. టైమ్‌అవుట్‌లో షికాగో స్టార్ మైకేల్ జోర్డాన్ ‘రెడీగా ఉండు’ అన్నాడు. అంతకు రెండేళ్ల ముందు ప్రాక్టీసులో కన్ను వాచేలా గుద్దింది కూడా ఆ జోర్డానే లెండి. అందరూ జోర్డాన్ మీద పడతారని ఇద్దరికీ తెలుసు. అలాగే యూటా ఆటగాడు స్టాక్టన్ కెర్‌ను వదిలి అటు పరిగెత్తాడు. బంతి కెర్ చేతికొచ్చింది. 5 సెకన్లు మిగిలి ఉండగా బాస్కెట్!

ఆట మానేశాక టీవీలో వ్యాఖ్యానం చెప్పాడు, ఫీనిక్స్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా చేశాడు. అంతకుముందు ఎక్కడా కోచ్‌గా చేయకుండానే 2014లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ పగ్గాలు పట్టాడు. మొదటి ఏడే టైటిల్. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 2015 ఫైనల్లో జట్టు 1-2తో వెనకబడింది. నిక్ యురెన్ అనే కుర్ర సహాయకుడు, ఎత్తయిన బోగట్ బదులు ఇగ్వడాలాను మొదటి ఐదుగురిలో దింపుదామన్నాడు. ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లన్నీ ఇగ్వడాలా బెంచీ మీంచే ఆడాడు. కెర్ సరేనన్నాడు. వరుసగా మూడు గెలిచారు, ఇగ్వడాలాకే ఫైనల్ ఉత్తమ ఆటగాడి అవార్డు. ఆలోచన యురెన్‌దని కెర్ విలేకరులకు తానే చెప్పాడు. 2018 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌తో మ్యాచ్‌లో ఇంకో అడుగు ముందుకేసి, టైమ్‌అవుట్లలో ఎత్తుగడలు గీసే బోర్డూ పెన్నూ ఆటగాళ్ల చేతికే ఇచ్చేశాడు. 129-83తో గెలిచారు.

నేనూ చాలా ఏళ్లు ఒక బడి జట్టును ఆడించాను. నా దృష్టిలో బెంచీ పిల్లలంటే బ్యాగులకు కాపలా, నీళ్ల సీసాలు అందించేవాళ్లు. ఒకసారి ఫైనల్లో వాళ్లలో ఒకడు నా చొక్కా లాగి ‘సార్, ఆ పొడుగోడు ప్రతిసారీ ఎడమచేత్తోనే వేస్తున్నాడు, మనోడు కుడివైపు కాస్తున్నాడు’ అన్నాడు. ‘కూర్చోరా’ అన్నాను. ఆ పొడుగోడే ఎడమచేత్తో ఆఖరి బాస్కెట్ వేశాడు. ఒక పాయింటు తేడాతో ఓడిపోయాం. ఆ పిల్లాడి ముఖం వంక చూడలేక తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను.

మీవాడు ఈసారి మ్యాచ్ నుంచి రాగానే స్కోరు అడక్కండి. రెండో సగంలో అవతలివాళ్లు ఏం మార్చారో అడగండి. గ్లాసులూ చెంచాలూ టేబుల్ మీద పేర్చి చూపించడం మొదలెట్టాడంటే వాడి మాట నమ్మొచ్చు. ఉక్రోషంతో అన్నదైతే రెండు ముక్కల్లో తేలిపోతుంది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది గానీ, దానికి డిగ్రీ అడుగుతారు. కాబట్టి ముందు ఇంటర్ గట్టెక్కించండి.