కార్పెట్ కింద జిగురు, దాని కింద ఓక్ నేల

ప్రశ్న: మాది చిత్తూరు. ఇక్కడ అమెరికాలో 1950ల నాటి ఇల్లు కొన్నాము. కార్పెట్ పీకితే అడుగున ఓక్ చెక్క నేల బయటపడింది గానీ, ప్యాడింగ్ నురగ తుంటలు తుంటలుగా అంటుకుపోయింది. సాండింగ్ మిషను అద్దెకు తెచ్చి గీకేయమంటారా?

జవాబు: మిషను మాట చివరికి. దాని వేడికి జిగురు కరిగి ఉప్పుకాగితానికి పట్టేస్తుంది, నిమిషాల్లో కాగితం పనికిరాకుండా పోతుంది, మిగిలిన జిగురు చెక్క సందుల్లోకి పూసుకుంటుంది. పైగా 1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత పూతల్లో సీసం ఉండొచ్చు. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము లేపకూడదు.

ముందు జిగురు రంగు చూడండి. తారులాగా నల్లగా ఉంటేనో, పక్కన తొమ్మిది అంగుళాల పాత టైల్స్ కనిపిస్తేనో ఆగిపోండి. అందులో ఆస్బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే నార, ఉండే అవకాశం ఉంది. ల్యాబు పరీక్ష అయ్యేదాకా గీకొద్దు.

పసుపు, గోధుమ రంగు నురగ అయితే మొదట పొడిపని. గోడ వెంట మేకుల పట్టీలను చెక్కముక్క ఆనించి లేపండి. స్టేపుల్ పిన్నులను కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటే లాగండి. విసుగే, కానీ ఒక్కటి కూడా వదలొద్దు: ఇనుము, తడి, ఓక్‌లోని వగరు కలిస్తే నల్లమచ్చ పడుతుంది. అలా పడ్డ మచ్చకు ఆక్సాలిక్ ఆసిడ్ వాడతారు. మన బాత్‌రూమ్ ఆసిడ్ మాత్రం తేవద్దు నాయనా.

ఇంక జిగురు. అల్మారా మూల చారెడు చోట గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ పది నిమిషాలు వేయండి. మెత్తబడిందంటే అది నీళ్లకు లొంగే బంక, అదే పద్ధతిలో పోతుంది. రబ్బరులా సాగుతుంటే నీళ్లతో కాదు. పనసకాయ కోసేటప్పుడు కత్తికి నూనె ఎందుకు రాస్తాం? ఇదీ అదే లెక్క. అట్లని చెనిక్కాయల నూనె పోయొద్దు, చెక్కలోకి ఇంకి తర్వాత వేసే పూత పట్టనివ్వదు. దీనికి మినరల్ స్పిరిట్స్, అంటే పెయింటు పలచన చేసే ద్రావకం, వాడాలి. రెండడుగుల చదరం చొప్పున, గుడ్డ తడిపి పరిచి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి పదిహేను నిమిషాలు ఆగండి. ప్లాస్టిక్ పుట్టీ బ్లేడుతో చెక్క నార పోయే దిక్కుకే తోయండి. మొండికేస్తే గట్టిగా గీకకుండా మళ్లీ నానబెట్టండి. ఇనుప బ్లేడు తప్పదనుకుంటే దాని మూలలు ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి.

అసిటోన్ వద్దు, పాత పూతను కూడా తినేస్తుంది. ఆ పూత ఏదో తెలియాలంటే మరుగుచోట ఆల్కహాల్ చుక్క వేయండి. మెత్తబడి జిగటగా మారితే లక్కపూత. అలాంటి నేలకు ఆల్కహాల్ ఉన్న మందు ఏదీ తగలనివ్వొద్దు.

మినరల్ స్పిరిట్స్ ఆవిరి మండుతుంది. కిటికీలు తెరిచి, గ్యాస్ వాటర్ హీటర్ ఆపి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని పని మొదలుపెట్టండి. ఆ రోజు దేవుడి దగ్గర దీపం కూడా వద్దు. వాడిన గుడ్డలను కుప్పగా చెత్తడబ్బాలో వేయకుండా బయట విడివిడిగా ఆరేయండి.

అయ్యాక గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. వెంటనే పొడిగుడ్డ. ఊళ్లో కడప బండల మీద బకెట్ కుమ్మరించి చీపురుతో తోసినట్టు ఇక్కడ తోస్తే పలకలు అంచుల దగ్గర లేస్తాయి.

రెండు రోజులు ఆరాక కూడా నేల వికారంగా ఉంటే అప్పుడు మిషను సంగతి. దానికి ముందు పాత పూతలో సీసం లేదని పరీక్షతో తేల్చుకుని, వేడిగాలి వచ్చే జాలీ ఎత్తి చెక్క మందం కొలవండి. ముప్పావు అంగుళం ఉంటే సాండింగ్ తట్టుకుంటుంది. అంగుళంలో మూడో వంతు కూడా లేకపోతే చేతులు పెట్టకుండా పనివాడికి చూపించండి.