తప్పుడు దొంగతనం కేసు పెట్టినవారిపై చర్య ఎలా?

నమస్కారమండీ. గట్టు తగాదా మనసులో పెట్టుకొని పొరుగు రైతు 2024 ఆగస్టులో మీపై మోటారు దొంగతనం కేసు పెట్టారని, కోర్టు మిమ్మల్ని నిర్దోషిగా విడిచిపెట్టినా స్టేషన్‌లో మీ ఫిర్యాదు తీసుకోలేదని రాశారు. మీ ఆవేదన న్యాయమైనదే. కానీ మీరు వెళ్లవలసింది ఆ కేసు విచారించిన కోర్టుకే.

2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 248వ సెక్షన్ (పాత ఐపీసీ 211) ప్రకారం, హాని చేయాలనే ఉద్దేశంతో, ఆధారం లేదని తెలిసీ నేరం మోపినవారికి 5 ఏళ్ల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. పాత చట్టంలో జైలు 2 ఏళ్లే. కోర్టు విచారణతో ముడిపడిన ఈ నేరంపై ఆ కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే చట్టం) 215వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఆ ఫిర్యాదు చేయమని కోరుతూ ఇదే సంహిత 379వ సెక్షన్ కింద అక్కడే పిటిషన్ వేయండి.

నిర్దోషి తీర్పు ఒక్కటే చాలదు, ముఖ్యంగా అది బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద, అంటే నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదన్న కారణంతో, వచ్చి ఉంటే. అబద్ధమని తెలిసే ఫిర్యాదు చేశారని చూపాలి. మోటారును తానే వైండింగ్ షాపులో ఇచ్చినట్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో (మీ తరఫు లాయరు ప్రశ్నించినప్పుడు) ఆయన ఒప్పుకున్నారన్నారు కదా, మీ బలమంతా అందులోనే ఉంది: ఆ వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీని, ఆయన సంతకమున్న షాపు రసీదును తప్పక జతచేయండి.